మాడ్రిడ్‌కి తిండి కోసం, పెయింటింగుల కోసం వెళ్తున్నారా? ఇలా ప్లాన్ చేస్కోండి

"మాడ్రిడ్ వెళ్తున్నాం, ఏం చూడాలి, ఏం తినాలి, వెజ్ దొరుకుద్దా" అని అటు తిప్పి ఇటు తిప్పి ఇవే మూడు ప్రశ్నలు వస్తున్నాయి, ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు అంతా ఒకచోట పెట్టేస్తున్నా. ముందే ఒక మాట చెప్తా, ఎదురుగా నిలబడి ఒక్క ఫొటో తీస్కుంటే పనైపోయే ఊరు కాదు ఇది. ఇక్కడ అసలు సంగతంతా టైమింగ్‌లో ఉంది. ఊరు ఏ టైంకి తింటదో ఆ టైంకి మీరూ తింటే ఖర్చు తగ్గుద్ది, క్యూలు తగ్గుతాయి, తిండి బాగుంటది. మన టైంకి మనం తిరిగితే మాత్రం మూసేసిన షట్టర్లు, టూరిస్టుల కోసం మైక్రోవేవ్‌లో వేడి చేసిన పాయెయా అనే అన్నం వంటకం, అంతే.

ముందుగా ఏం కావాలి

- పూర్తిగా నాలుగు రోజులు, అందులో ఒక ఆదివారం ఉండేలా. దిగే రోజు, ఎక్కే రోజు లెక్కలోకి రావు.
- షెంగెన్ వీసా, అంటే స్పెయిన్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా. 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు వ్యాలిడిటీ, రెండు ఖాళీ పేజీలు ఉన్న పాస్‌పోర్ట్.
- ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు, లేదా సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ చివరి దాకా ఏదో ఒక టైం. ఆగస్టు వద్దు, ఎండ మన ఊళ్ళలాగే మండుద్ది, పైగా మంచి చిన్న హోటళ్ళు చాలావరకు సెలవులకి తాళం వేసుకుని పోతాయి.
- ఫారిన్ ట్రాన్సాక్షన్లు ఆన్ చేసిన కార్డు ఒకటి, అది పనిచెయ్యకపోతే ఇంకోటి, చిల్లర కోసం ఓ 60 యూరోల క్యాష్.
- ఫోన్‌లో స్పానిష్ ఆఫ్‌లైన్‌లో పెట్టుకున్న ట్రాన్స్‌లేటర్ యాప్, కెమెరాతో మెనూ చదివేది.
- ముందు వైపు వేసుకునే జిప్ బ్యాగు, పాత అలవాటైన బూట్లు. కొత్త బూట్లతో రావద్దు, ఊరంతా ఎత్తుపల్లాలే.

ఇంటి నుంచి తెచ్చుకునే వాటి గురించి కూడా ఇక్కడే చెప్తా, ఎందుకంటే అమ్మమ్మలు సర్దేస్తారు. యూరప్‌లోకి బయట దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురానివ్వరు, కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకూ అంతే. ఆవకాయ, కందిపొడి పర్లేదు, కానీ మూత గట్టిగా బిగించి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి.

1. వీసా ఏ దేశానికి వెయ్యాలో ముందు తేల్చుకోండి

ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చెయ్యాలి. "స్పెయిన్ అపాయింట్‌మెంట్ దొరకట్లేదు, వేరే దేశానికి వేసి మాడ్రిడ్‌లోనే ఉంటాం" అనే ఐడియా చాలామంది ఇస్తారు, వినకండి, ఇమ్మిగ్రేషన్‌లో హోటల్ బుకింగ్ అడిగితే నోరు తెరవలేరు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, వేసవి సెలవుల ముందు స్లాట్లు తొందరగా అయిపోతాయి. పెద్దవాళ్ళకి వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ దానికి అదనం. 2025 అక్టోబర్ నుంచి బోర్డర్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, అందుకే దిగంగానే గంటలో కనెక్షన్ పెట్టుకోవద్దు. హోటల్ బుకింగ్, ఇన్సూరెన్స్, రిటర్న్ టికెట్ ప్రింట్లు చేతిలో ఉంచుకోండి, ఫోన్ చార్జింగ్ సరిగ్గా అప్పుడే అయిపోద్ది.

2. గది ఎక్కడ తీసుకోవాలి

అంతోన్ మార్తిన్, లావాపియేస్, లా లాతినా, లేదా కొంచెం నెమ్మదిగా కావాలంటే చాంబెరీ. మొదటి మూడిటి నుంచి మ్యూజియంలకి, తినే వీధులకి నడిచిపోవచ్చు. సోల్ సెంటర్‌కి ఆనుకుని తీస్కుంటే అన్నీ దగ్గరే కానీ రాత్రి రెండింటికి కూడా కింద పాటలు వినబడతాయి.

బుకింగ్ సైట్లో "హోస్తాల్" అని కనబడితే అది పది మంది ఒకే గదిలో పడుకునే డార్మిటరీ అనుకుని వదిలెయ్యకండి. స్పెయిన్‌లో హోస్తాల్ అంటే చిన్న లాడ్జి, విడిగా గది, చాలావాటిలో బాత్‌రూం గదిలోనే ఉంటది, హోటల్ కంటే చౌక. ఇంకోటి, "ఇంతీరియోర్" అని రాసి ఉంటే గది లోపలి వసారా వైపు ఉంటది, వెలుతురు తక్కువ కానీ నిద్ర పడుద్ది. చిన్న పిల్లలుంటే నేనైతే అదే తీసుకోమంటా. లిఫ్ట్ ఉందా లేదా చూసుకోండి, పాత బిల్డింగుల్లో మూడో అంతస్తు దాకా సూట్‌కేసు మోసే ఓపిక అందరికీ ఉండదు.

3. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి

మూడు దారులు. మెట్రో 8వ లైన్ ఎక్కి నుయెవోస్ మినిస్తేరియోస్‌లో దిగి మారాలి, ఎయిర్‌పోర్ట్ స్టేషన్‌కి మామూలు టికెట్ మీద 3 యూరోలు అదనం. పసుపు రంగు 203 నంబర్ ఎక్స్‌ప్రెస్ బస్సు 5 యూరోలు, రాత్రీ పగలూ నడుస్తది, పగలు అతోచా రైల్వే స్టేషన్ దాకా పోతుంది, అర్ధరాత్రి అయితే సిబేలెస్ చౌకు దగ్గరే ఆగిపోద్ది. ముగ్గురు నలుగురు సామాన్లతో ఉంటే టాక్సీ, ఎయిర్‌పోర్ట్ నుంచి ఎం-30 రింగ్ రోడ్ లోపలికి ఫిక్స్‌డ్ రేటు, 33 యూరోల దగ్గర్లో. తెల్ల కారు, తలుపు మీద ఎర్ర గీత, అధికారిక క్యూలో ఉన్నదే ఎక్కండి, లోపల "టాక్సీ టాక్సీ" అంటూ దగ్గరికొచ్చేవాళ్ళతో పోవద్దు.

మెట్రోకి ఎర్ర రంగు మల్తి కార్డు కొనండి, మెషీన్లో ఇంగ్లీషు ఉంటది. అందులో 10 ట్రిప్పులు వేయించుకుంటే కుటుంబం మొత్తానికి ఒక్క కార్డు చాలు, ఒక్కొక్కరు దాటాక వెనక్కి అందించడమే. మనిషికో కార్డు కొని డబ్బులు పారబోస్తారు చాలామంది. మెట్రో పొద్దున ఆరు నుంచి రాత్రి ఒకటిన్నర దాకా.

4. మీ గడియారం మార్చండి (అన్నిటికంటే ఇదే ముఖ్యం)

ఈ ఒక్క స్టెప్ సరిగ్గా చేస్తే మిగతావి వాటంతటవే కుదురుతాయి. ఊరి తిండి టైం ఇది:

- 8:30 నుంచి 10:30: కాఫీ, టోస్ట్
- 2 నుంచి 4: మధ్యాహ్న భోజనం, రోజు మొత్తంలో పెద్దది
- 6 ప్రాంతంలో: కాఫీ, తీపి ఏదో ఒకటి
- 8 నుంచి: బార్లలో చిన్న చిన్నవి
- 9:30 నుంచి 11: రాత్రి భోజనం

సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా మంచి చోట్ల వంటగది మూసేస్తారు. ఆరింటికి "డిన్నర్ చేసేద్దాం" అని బయల్దేరితే తెరిచి ఉండేవి ప్లాథా మాయోర్ అనే పెద్ద చౌకు చుట్టూ ఫొటోలతో మెనూ పెట్టిన చోట్లే, అక్కడ తిని "మాడ్రిడ్‌లో ఫుడ్ ఏం బాలేదు" అనుకుంటూ వచ్చేస్తారు. దిగిన మొదటి రోజే మధ్యాహ్నం రెండింటిదాకా ఆగి బాగా తినండి, తర్వాత గంట పడుకోండి, ఆరింటికల్లా లేవండి. చిన్న పిల్లలకీ షుగర్ ఉన్న పెద్దవాళ్ళకీ అంతసేపు ఆగడం కుదరదు కాబట్టి బ్యాగులో పళ్ళో బిస్కెట్లో ఉంచుకోండి, లేదా పదకొండింటికి బార్‌లో ఒక ముక్క తోర్తియా తినిపించండి, బంగాళదుంప, గుడ్డు, ఉల్లిపాయతో చేసిన మందపాటి అట్టు అది, ఎక్కడైనా దొరుకుతుంది, కడుపు నిండుద్ది.

పొద్దున టిఫిన్‌కి హోటల్ బఫే డబ్బులు కట్టొద్దు. వీధి చివర ఏ బార్‌కైనా పోయి "కాఫే కోన్ లేచే, తోస్తాదా కోన్ తొమాతె" అనండి, వేడి టోస్ట్ మీద తురిమిన టమాటా, ఆలివ్ నూనె, ఉప్పు, కాఫీతో కలిపి నాలుగైదు యూరోలు. చుర్రోస్, అంటే నూనెలో వేయించిన పిండి కడ్డీలు, తినాలంటే సాన్ హినేస్ అనే షాపు పేరే అందరూ చెప్తారు, 1894 నుంచి ఉంది, రాత్రంతా కూడా ఇస్తారు, బాగానే ఉంటాయి కానీ పదింటికి క్యూ చూస్తే నీరసం వస్తది, ఎనిమిదింటికి పోండి. పక్కనిచ్చే చాక్లెట్ చిక్కగా ఉంటది, అది ముంచుకోడానికి, గ్లాసు ఎత్తి గటగటా తాగేది కాదు. పిండి, నీళ్ళు, ఉప్పు తప్ప చుర్రోస్‌లో ఇంకేం ఉండదు, గుడ్డు తిననివాళ్ళూ తినొచ్చు.

5. మధ్యాహ్నం "మెనూ దెల్ దీయా" తినండి

సోమవారం నుంచి శుక్రవారం దాకా మధ్యాహ్నం పూట ఆఫీసు జనం తినే ఫిక్స్‌డ్ భోజనం ఇది. మొదటి వంటకం ఒకటి, రెండో వంటకం ఒకటి, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, చివర్లో స్వీటో కాఫీయో. 13 నుంచి 18 యూరోలు, సెంటర్లో కొంచెం ఎక్కువ. అదే హోటల్లో రాత్రి విడివిడిగా చెప్తే దీనికి రెట్టింపు అవుద్ది. శనాదివారాల్లో ఉండకపోవచ్చు, ఉన్నా రేటు పెంచుతారు.

ఎలా: ఒకటిన్నరకి తలుపు తీయంగానే వెళ్ళండి, రెండున్నరకి వెళ్తే నిలబడాలి. బయట బోర్డు మీద చాక్‌పీసుతో ఆ రోజు వంటలు రాసి ఉంటాయి. "ప్రిమేరోస్" అన్న లిస్టులోంచి ఒకటి, "సెగుందోస్" లోంచి ఒకటి చెప్పాలి. మాంసం తిననివాళ్ళు "దోస్ ప్రిమేరోస్" అని అడిగి చూడండి, అంటే మొదటి లిస్టులోంచే రెండు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. గురువారం అయితే మెనూలో పాయెయా ఉండే అలవాటు ఉంది, అది తినాలనుంటే ఆ రోజే తినండి. వాలెన్సియా వంటకం అది, మాడ్రిడ్‌లో రాత్రి తొమ్మిదింటికి ఫొటో చూసి పాయెయా ఆర్డర్ చేసేది టూరిస్టులే.

మాడ్రిడ్ సొంత వంటకం అంటే కోసీదో. సెనగలు, కూరగాయలు, రకరకాల మాంసం కలిపి గంటలకొద్దీ ఉడికిస్తారు, ముందు ఆ నీళ్ళతో చేసిన సేమ్యా సూప్ ఇస్తారు, తర్వాత సెనగలు, కూరలు, చివర్లో మాంసం. పోర్క్, బీఫ్, చికెన్ అన్నీ ఒకే కుండలో ఉడుకుతాయి కాబట్టి "ఆ ముక్కలు తీసేసి ఇవ్వండి" అంటే కుదరదు. లా బోలా అనే చోట 1870 నుంచి మట్టి కుండల్లో బొగ్గుల మీద చేస్తున్నారు. మధ్యాహ్నం మాత్రమే తినండి, తిన్నాక మ్యూజియం ప్లాన్ పెట్టుకోవద్దు, నిద్రొస్తది.

6. సాయంత్రం బార్లు తిరగడం

ఒక్కచోట కూర్చుని కడుపు నింపుకోవడం కాదు, ఒక్కో బార్‌లో ఒకటో రెండో తిని ఇంకో బార్‌కి పోవడం. బార్ అనగానే కంగారు పడొద్దు, పిల్లలు, ముసలివాళ్ళు, స్ట్రోలర్లు అన్నీ ఉంటాయి, తాగనివాళ్ళూ హాయిగా వెళ్ళొచ్చు.

లోపలికెళ్ళాక టేబుల్ కోసం చూడకండి, కౌంటర్ దగ్గర మోచెయ్యి పట్టేంత సందు దొరికితే అక్కడికి చేరిపోండి. చిటికెలు వెయ్యొద్దు, కౌంటర్ వెనక మనిషి మీ వైపు చూసేదాకా ఆగి "ఊనా కాన్యా, పోర్ ఫబోర్" అంటే చిన్న గ్లాసు బీరు వస్తది. బీరు వద్దంటే "ఉన్ మోస్తో" అనండి, ద్రాక్షరసం, ఐసు వేసి పైన నారింజ ముక్కతో ఇస్తారు, ఆల్కహాల్ ఉండదు, చూడ్డానికి కూడా అందరి గ్లాసులాగే ఉంటది కాబట్టి చేతిలో పట్టుకుని నిలబడ్డానికి బాగుంటది. దాంతోపాటు చిన్న సాసర్లో ఆలివ్‌లో చిప్సో పెడతారు, "మేం అడగలేదండీ" అని వెనక్కి నెట్టకండి, అది ఫ్రీ. డబ్బులు చివర్లో ఇవ్వాలి, మీరు ఎన్ని తిన్నారో ఆయనకి గుర్తుంటది, ఇంత గోలలో ఎలా గుర్తుంటదో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

సైజులు తెలుసుకోండి. "తాపా" అంటే రెండు ముద్దలు, "మేదియా రాసియోన్" అంటే సగం ప్లేటు, "రాసియోన్" అంటే పెద్ద ప్లేటు. ఐదుగురు వెళ్ళి ఐదు రాసియోన్‌లు చెప్పడం మనవాళ్ళు మామూలుగా చేసే పొరపాటు, టేబుల్ నిండిపోద్ది, బిల్లు 80 యూరోలు దాటుద్ది, ఇంకో బార్‌కి వెళ్ళే ఖాళీ కడుపులో ఉండదు. రెండు చెప్పండి, మధ్యలో పెట్టుకుని తినండి, చాలకపోతే మళ్ళీ చెప్పండి.

ఎక్కడెక్కడ ఏం తినాలి: కాసా లాబ్రాలో (1860 నుంచి) పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప ముక్క, సోల్ పక్కనే, జనం బయట వీధిలో నిలబడే తింటారు. 1879లో స్పెయిన్ సోషలిస్టు పార్టీ పుట్టింది ఆ హోటల్లోనే, గోడ మీద పలక ఉంటది. లా కాసా దెల్ అబుయెలోలో (1906) గాంబాస్ అల్ అహీయో, రొయ్యలు వెల్లుల్లి నూనెలో ఎండుమిర్చితో సలసలా మరుగుతూ మట్టి గిన్నెలో వస్తాయి, రొయ్యలు అయిపోయాక ఆ నూనెలో బ్రెడ్డు ముంచుకోవడమే అసలు మజా, నాలుక కాలుద్ది, ఒక నిమిషం ఆగండి. ప్లాథా మాయోర్ చుట్టుపక్కల సందుల్లో స్క్విడ్ రింగుల బన్ను, బొకాదియో దే కలమారెస్, సాస్ ఏం ఉండదు కాబట్టి చప్పగా అనిపిస్తది, నిమ్మకాయ అడిగి పిండుకోండి. "కాయోస్" అని కనబడితే అది ఆవు బోటి, కారం తగులుద్ది, జిగురుగా ఉంటది, బోటి ప్రియులు వదలకండి, బీఫ్ తిననివాళ్ళు దూరంగా ఉండండి.

సాన్ మిగేల్ మార్కెట్ 1916 నాటి ఇనుప కట్టడం, అందంగా ఉంటది, చూసి బయటికొచ్చేయండి, రేట్లు టూరిస్టులకే. తినడానికి అంతోన్ మార్తిన్ మార్కెట్, లావాపియేస్‌లో సాన్ ఫెర్నాందో మార్కెట్ మేలు.

7. వెజ్ వాళ్ళు, బీఫ్/పోర్క్ తిననివాళ్ళు ఇది రెండుసార్లు చదవండి

"వెజిటేరియన్" అని చెప్పాక కూడా హామ్ (ఉప్పేసి ఎండబెట్టిన పంది మాంసం) ముక్కలు వస్తాయి, కోపం తెచ్చుకోకండి. ఇక్కడ చాలామందికి "కార్నె" అంటే పెద్ద మాంసం ముక్క, హామ్ సన్నగా తరిగి వేస్తే అది మసాలా కింద లెక్క. అందుకే పేరుపేరునా చెప్పాలి: "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్, సిన్ పెస్కాదో". మాంసం, హామ్, ట్యూనా, చేప లేకుండా. ప్లేటు చూపించి అడగాలంటే "యేవా హమోన్?" అంటే ఇందులో హామ్ ఉందా అని.

మోసపోయే వంటకాలు:

- "సాండ్‌విచ్ వెహెతాల్": పేరులో వెజ్ ఉన్నా ట్యూనా, గుడ్డు చాలాసార్లు ఉంటాయి.
- "ఎన్సలాదా మిక్స్తా": సలాడే, పైన ట్యూనా. "ఎన్సలాదీయా రూసా" కూడా అంతే.
- "లెంతేహాస్": పప్పు అనుకుని సంబరపడతాం, లోపల చోరీథో, అంటే పోర్క్ సాసేజ్.
- "సాల్మొరేహో": చల్లటి టమాటా సూప్, పైన హామ్, గుడ్డు చల్లుతారు. ముందే చెప్తే చల్లకుండా ఇస్తారు. గస్పాచో అనే ఇంకో చల్లటి టమాటా సూప్ అయితే ఆ గొడవ తక్కువ.
- "క్రోకేతాస్": లోపల కూరి వేయించిన ఉండలు, ఏం రాయకపోతే హామ్‌వే అనుకోండి.
- "చాంపిన్యోనెస్": పుట్టగొడుగులే, మధ్యలో చోరీథో ముక్క దాక్కుంటది.
- పోల్వొరోన్, మాంతెకాదో లాంటి స్వీట్లు: పంది కొవ్వుతో చేస్తారు, పూర్తి శాకాహారులు చూసుకోవాలి.

ధైర్యంగా తినగలిగేవి: తోర్తియా (గుడ్డు తింటే), పిమియెంతోస్ దే పద్రోన్, అంటే చిన్న పచ్చిమిరపకాయలు వేయించి దొడ్డుప్పు చల్లినవి, పదిట్లో ఒకటి ఘాటుగా తగులుద్ది, మనకది ఆటలో అరటిపండు. బెరెన్హేనాస్ కోన్ మియేల్, వేయించిన వంకాయ మీద తేనె. పతాతాస్ బ్రావాస్ ఎర్ర సాస్‌తో, సాస్‌లో హామ్ నీళ్ళు పోసే చోట్లు ఉన్నాయి కాబట్టి ఒక్కమాట అడగండి.

పోర్క్ అంటే "సెర్దో", "లోమో" అని ఉన్నా మామూలుగా పోర్కే. బీఫ్ అంటే "తెర్నేరా", "బాకా". మీట్‌బాల్స్ "అల్బొందిగాస్" రెండూ కలిపి చేస్తారు. చికెన్ "పోయో", గొర్రె "కోర్దేరో", రొయ్యలు "గాంబాస్".

చికెన్ మాత్రమే తినే బ్యాచ్‌కి నా సలహా కాసా మింగో, 1888 నుంచి నడుస్తున్న చోటు, ప్రిన్సిపె పియో మెట్రో దగ్గర, కాల్చిన కోడి, ఆపిల్ సైడర్ ఫేమస్. దాని పక్కనే సాన్ అంతోనియో దే లా ఫ్లోరిదా అనే చిన్న చర్చి, లోపల గుమ్మటం మీద స్పెయిన్ చిత్రకారుడు గోయా 1798లో వేసిన బొమ్మలు, ఉచితం, సోమవారం సెలవు. గోయా సమాధి కూడా అందులోనే, ఫ్రాన్స్‌లో 1888లో తవ్వి చూస్తే పుర్రె కనబడలేదు, తల లేకుండానే తెచ్చి 1919లో ఇక్కడ పెట్టారు. కోడి తిని గోయాని చూసి, ఎత్తు ఎక్కి సూర్యాస్తమయానికి దెబోద్ గుడికి పోండి, ఈజిప్టు వాళ్ళు 1968లో కానుకగా ఇస్తే రాయి రాయి తెచ్చి కట్టిన గుడి అది.

అన్నం, పప్పు మీద బెంగ పుడితే లావాపియేస్ వీధిలో వరసగా ఇండియన్, బంగ్లాదేశీ హోటళ్ళు ఉన్నాయి. కారం వాళ్ళు యూరప్ వాళ్ళకి తగ్గట్టు వేస్తారు, ముందే చెప్పండి.

8. మ్యూజియంలు: తక్కువ చూడండి

మూడు పెద్దవి నడక దూరంలోనే ఉన్నాయి. వాటి టైమింగ్స్:

- ప్రాదో: రోజూ ఉంటది. సోమ–శని సాయంత్రం 6 నుంచి 8, ఆదివారం 5 నుంచి 7 ఉచితం.
- రెయినా సోఫియా: మంగళవారం సెలవు. మిగతా రోజులు 7 నుంచి 9 ఉచితం, ఆదివారం మాత్రం 12:30 నుంచి 2:30.
- తిసెన్: సోమవారం అయితే 12 నుంచి 4 దాకా మాత్రమే తెరుస్తారు, అదీ ఉచితం.

వెళ్ళే వారం ఆ మ్యూజియం సైట్లో ఒకసారి చూసుకోండి, పండగలకి మారతాయి.

ఉచితం కదా అని ప్రాదోకి ఆరింటికి వెళ్తే క్యూలో అరగంట పోద్ది, లోపల గంటన్నర కూడా మిగలదు. బొమ్మలంటే నిజంగా ఇష్టం ఉన్నవాళ్ళు ఒకసారి 15 యూరోల టికెట్ కొని పొద్దున పదింటికి వెళ్ళండి, నచ్చినవాటి కోసం మళ్ళీ ఏదో సాయంత్రం ఫ్రీగా పోండి. లోపల ఫొటోలు తియ్యనివ్వరు, అందుకే అక్కడ జనం నిజంగా బొమ్మలు చూస్తారు.

ప్రాదోలో నాలుగే పెట్టుకోండి. బెలాత్‌కెత్ వేసిన లాస్ మెనీనాస్ (1656), బాష్ వేసిన మూడు పలకల తోట బొమ్మ, గోయా వేసిన 1808 మే 3 కాల్పుల బొమ్మ, గోయా ముసలితనంలో తన ఇంటి గోడల మీద వేసుకున్న నల్ల బొమ్మలు. లాస్ మెనీనాస్ ముందు ఇలా చెయ్యండి: ముందు గది చివరికి పోయి చూడండి, చిన్న రాకుమారి గౌను పట్టు మెరుపు కనబడుద్ది, వెనక అద్దంలో రాజూ రాణీ కనబడతారు. ఇప్పుడు మెల్లగా తాడు దాకా నడిచి రండి, ఆ పట్టు కాస్తా కుంచెతో అడ్డదిడ్డంగా పూసిన తెల్ల, బూడిద రంగు మరకలైపోద్ది. మళ్ళీ వెనక్కి నడవండి, గౌను మళ్ళీ వచ్చేస్తది. పిల్లలకి ఇది చూపిస్తే ఇంక బోర్ అనరు.

రెయినా సోఫియాలో ఉన్నది గెర్నికా. 1937 ఏప్రిల్ 26న బాస్క్ ప్రాంతంలో ఆ పేరున్న ఊరి మీద బాంబులు వేశారని పికాసో వేసింది, దాదాపు 3.5 మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల వెడల్పు, రంగులే లేవు. స్పెయిన్‌లో ప్రజాస్వామ్యం వచ్చేదాకా పంపొద్దన్నాడు పికాసో, న్యూయార్క్‌లోనే ఉండి 1981లో వచ్చింది. నేరుగా అక్కడికే పోండి, అలిసిపోయాక చూసే బొమ్మ కాదు.

రాజభవనంలో సాయంత్రం ఉచితం అని చదివి ఇండియన్ పాస్‌పోర్ట్‌తో వెళ్ళొద్దు, అది యూరోపియన్ యూనియన్, లాటిన్ అమెరికా పౌరులకి, అక్కడ నివాసం ఉన్నవాళ్ళకే. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి.

9. ఆదివారం

పొద్దున తొమ్మిదిన్నరకి ఎల్ రాస్త్రో సంత, కాస్కొరో చౌకు నుంచి కిందకి దిగుతూ రండి. 11 దాటితే అడుగు పడదు, జేబుదొంగలకి అదే పండగ, ఫోన్ వెనక జేబులో ఉంటే అది మీది కాదనుకోండి. పాత సామాన్లు పక్క సందుల్లో ఉంటాయి, మెయిన్ రోడ్డు మీద టీషర్టులే. ఒంటిగంటకి పైకొచ్చి కావా బాహా వీధిలో బార్లు తిరగండి, ఊరంతా అక్కడే ఉంటది. ఆదివారం రాత్రి చాలా హోటళ్ళు మూసుంటాయి, అందుకే మధ్యాహ్నమే గట్టిగా తినండి.

మే 15 దగ్గర్లో వెళ్తే సాన్ ఇసీద్రో పండగ, ఊరి దేవుడి జాతర. రోస్కియాస్ అనే గుండ్రటి తీపి తినండి, పాకం ఉన్నవి "తెలివైనవి", ఏం లేనివి "తెలివితక్కువవి" అని పిలుస్తారు.

10. ఫ్లమెంకో ఒక రాత్రి

స్పెయిన్ పాటా నాట్యమూ కలిసిన ఫ్లమెంకోని "తబ్లావో" అనే చిన్న హాల్లో చూడాలి. గంటసేపు ఉంటది. షో ప్లస్ ఒక డ్రింక్ టికెట్ తీస్కోండి, డిన్నర్ కలిపిన ప్యాకేజీ వద్దు, తిండి బయటే మేలు. కొర్రాల్ దే లా మొరేరియా 1956 నుంచి ఉంది, ఖరీదెక్కువ, ఇంకా తక్కువలో చాలా ఉన్నాయి. సీట్ ఎంచుకునే అవకాశం ఉంటే కాళ్ళు కనబడే చోట కూర్చోండి. మధ్యలో మీరు తాళం వెయ్యొద్దు, వాళ్ళ పాటలు చాలావాటికి 12 దెబ్బల లెక్క, మన చప్పట్లు దాన్ని చెడగొడతాయి. హితానోలు, అంటే స్పెయిన్ జిప్సీలు, వాళ్ళ పూర్వీకులు వాయవ్య భారతం నుంచి వెళ్ళినవాళ్ళే. ఇంట్లో కూచిపూడి నేర్చుకున్న పిల్లలుంటే ముందు వరసలో కూర్చోబెట్టండి, కళ్ళు తిప్పరు.

సరిగ్గా నడుస్తోందా, ఎలా చెక్ చేస్కోవాలి

రెండో రోజు రాత్రి ఇవి చూసుకోండి. మీరు తిన్న చోట చుట్టూ స్పానిష్ వినబడిందా, లేక అందరూ మెనూ ఫొటోలు చూపిస్తున్నారా? మనిషికి తిండి ఖర్చు రోజుకి 35–40 యూరోల లోపు ఉందా? దాటితే మీరు ఎక్కువగా బయట వేసిన టేబుళ్ళ దగ్గర కూర్చుంటున్నారు, చాలాచోట్ల బయట కూర్చుంటే రేటు ఎక్కువ, లోపల కౌంటర్ దగ్గర తక్కువ. బిల్లులో వాటర్ బాటిల్స్ ఉన్నాయా? "ఆగ్వా దెల్ గ్రీఫో" అంటే కుళాయి నీళ్ళు, 2022 చట్టం ప్రకారం ఉచితంగా ఇవ్వాలి, మాడ్రిడ్ నీళ్ళు బాగుంటాయి కూడా. బ్రెడ్డుకి యూరోనో రెండో వేస్తే కంగారు పడకండి, వద్దనుకుంటే పెట్టంగానే చెప్పాలి. బిల్లు వాళ్ళంతట వాళ్ళు తేరు, గంట కూర్చున్నా తేరు, అది మర్యాద. "లా క్వెంతా, పోర్ ఫబోర్" అని మీరే అడగాలి. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలితే చాలు.

సాయంత్రం ఆరింటికి ఆకలితో చిరాకు పడుతున్నారంటే మధ్యాహ్నం మెనూ వదిలేసి ఏదో బన్ను తిన్నారని అర్థం, 4, 5 స్టెప్పులు మళ్ళీ చూడండి.

11. తిరుగు ప్రయాణం

కొనాల్సినవి ఏ మామూలు సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి: ఆలివ్ నూనె (చెక్-ఇన్ బ్యాగులోనే), లా మాంచా కుంకుమపువ్వు, పొగబెట్టిన కారప్పొడి పిమెంతోన్. డబ్బా మీద "పికాంతె" అని ఉన్నా ఘాటు పెద్దగా ఆశించొద్దు, వాసన కోసం కొనండి, బంగాళదుంప వేపుడు మీద చల్లితే బాగుంటది.

బట్టలో బూట్లో కొంటే షాపులో పాస్‌పోర్ట్ చూపించి టాక్స్ రిఫండ్ ఫారం అడగండి, స్పెయిన్‌లో దానికి కనీస మొత్తం అంటూ లేదు. ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగు చెక్-ఇన్ చెయ్యకముందే "దీవా" మెషీన్లో ఫారం స్కాన్ చెయ్యాలి, ఆకుపచ్చ గుర్తు వస్తే సరే, ఎర్రది వస్తే కస్టమ్స్ కిటికీలో సామాను చూపించాలి. వేరే యూరప్ దేశం మీదుగా ఇంటికి వస్తుంటే మాత్రం ఈ పని ఎక్కడ చేయించుకోవాలో ముందే అడిగి తెలుసుకోండి.

టికెట్ మీద టెర్మినల్ ఏదో ఒకటికి రెండుసార్లు చూడండి. టీ1, టీ2, టీ3 ఒకచోట, టీ4 వేరేచోట, మెట్రో స్టేషన్లు కూడా వేరు. బోర్డింగ్ పాస్ మీద గేటు ఎస్‌తో మొదలైతే టీ4లో సెక్యూరిటీ అయ్యాక కింద చిన్న రైలెక్కి ఇంకో బిల్డింగ్‌కి పోవాలి, పాస్‌పోర్ట్ చెకింగ్ అక్కడే, దానికి అరగంట అదనంగా పెట్టుకోండి.